చేతికి కట్టుకునే కొలమానం: కొనదగినదేనా?

కిందటి ఉగాది ఉత్సవానికి రెండు వారాల ముందు, ఒక ఆదివారం మధ్యాహ్నం, న్యూజెర్సీలో మా ఊరి పాఠశాల మందిరంలో పౌరాణిక నాటకం రిహార్సలు జరుగుతున్నది. దుర్యోధన పాత్రధారి అయిన మిత్రుడు, వయస్సు నలభై నాలుగు, ఉన్నట్టుండి అట్ట గద పక్కన పెట్టి కుర్చీలో కూలబడ్డాడు. ఛాతీ మీద బరువు పెట్టినట్టున్నదన్నాడు. ఎడమ చేతికి ఉన్న గడియారం అంచున కుడి చేతి వేలు ఆనించి అర నిమిషం కదలకుండా కూర్చున్నాడు. గుండె లయ సక్రమంగా ఉన్నదని గడియారం తెలిపింది. "చూశారా, గుండెకేమీ లేదట! ఇదంతా పొద్దున తిన్న మిరపకాయ బజ్జీల మహిమ" అని నవ్వి, సోడా ఉంటే ఇమ్మన్నాడు. మాలో నర్సుగా పనిచేసే ఒక సోదరి ఆ గడియారం వంక చూడనైనా చూడక 911కు ఫోను చేసింది. ఆ సాయంకాలమే ఆతని హృదయ ధమనిలో స్టెంటు అమర్చవలసి వచ్చినది.

ఆ గడియారం అబద్ధం చెప్పలేదు. తనను అడిగిన ప్రశ్నకు సరియైన సమాధానమే చెప్పింది. దానిని అడిగిన ప్రశ్న "గుండె లయ తప్పిందా?" అన్నది. మా మిత్రుడు అడిగాననుకున్న ప్రశ్న "నాకు గుండెపోటు వస్తున్నదా?" అన్నది. ఈ రెండు ప్రశ్నలకూ నడుమ ఉన్న అఖాతం ఎంత లోతైనదో ఆ నాడు మేమందరం చూశాము.

ఆ ఘటన తరువాత నన్ను పలువురు అడుగుతూ వచ్చారు. "డాక్టరు గారూ, ఈ చేతి పట్టీలు కొనదగినవేనా? మా వారికి పుట్టినరోజుకు కొందామనుకుంటున్నాను" అని ఒక వదినగారు, "తమ్ముడూ, తెనాలిలో నాన్నగారికి పంపమంటావా?" అని ఒక అక్కగారు. నేను మందు వ్రాసే డాక్టరును కాను. మందులోని అణువులను తూచే రసాయన శాస్త్రజ్ఞుడను మాత్రమే. అయితే కొలిచే సాధనాన్ని ఎంతవరకు నమ్మాలి అన్నది నా నిత్యవృత్తి. ప్రయోగశాలకు కొత్త యంత్రం వచ్చినప్పుడు మేము మొదట అడిగేవి మూడు ప్రశ్నలు: ఇది నిజంగా కొలిచేదేమిటి, లెక్కగట్టి ఊహించేదేమిటి, ఎంత తప్పుతుంది? ఈ చేతి గడియారానికీ అవే ప్రశ్నలు వేసి చూద్దాము.

అడుగుల లెక్క

ముందుగా సులభమైనది. గడియారం లోపల త్వరణమాపకం, అనగా యాక్సెలరోమీటరు, అనే చిన్న సిలికాన్ ముక్క ఉంటుంది. అందులో వెంట్రుక కన్నా సన్నని సిలికాన్ దువ్వెనలు స్థిరమైన పళ్ళ నడుమ వ్రేలాడుతూ ఉంటాయి. చేయి కదిలినప్పుడు పళ్ళ మధ్య ఎడం మారుతుంది. దానితోపాటు విద్యుద్ధారణ శక్తి మారుతుంది. ఆ మార్పులో నడకకు సహజమైన లయ కనిపిస్తే యంత్రం దానిని అడుగుగా లెక్కిస్తుంది. కనుక అది లెక్కించేది పాదాన్ని కాదు, చేతి ఊపును.

ఇది స్వయంగా పరీక్షించదలచి నేను ఒక శనివారం అంగళ్ళ సముదాయానికి వెళ్ళి, జేబులో పది శనగగింజలు వేసుకొని, నూరడుగులకొక గింజ చొప్పున రెండవ జేబులోకి మారుస్తూ నడిచాను. చేతులూపుకుంటూ నడిచినప్పుడు గడియారం లెక్క నా లెక్కకు చాలా దగ్గరగానే వచ్చింది. కూరల బండిని రెండు చేతులా పట్టుకొని తోస్తూ నడిచినప్పుడు సగానికి పైగా అడుగులు లెక్కకే రాలేదు. పసిపిల్లల బండి తోసే తల్లులు ఇది గమనించాలి. మీ నడక వృథా పోలేదు, చీటీలో మాత్రమే పడలేదు. ఇంటికి వచ్చి ఒకచోట కూర్చొని చపాతీలు ఒత్తితే అడుగు వేయకుండానే లెక్క పెరిగింది! మా అమ్మాయి మృదంగ సాధన చేసినంతసేపూ అదే కథ.

ఇక అందరి నోటా వినిపించే "దినానికి పది వేల అడుగులు" అన్న మాట ఎక్కడిది? వైద్యశాస్త్రం నుండి వచ్చినది కాదు. 1964లో టోక్యోలో ఒలింపిక్ క్రీడలు జరిగాయి. మరుసటి యేడు, 1965లో, ఒక జపాను గడియారాల సంస్థ నడుముకు తగిలించుకునే అడుగుల యంత్రాన్ని అమ్మకానికి పెట్టి దానికి "మంపోకే" అని పేరు పెట్టింది. ఆ మాటకు అర్థం పదివేల అడుగుల మీటరు. వినసొంపైన ఆ సంఖ్య అరవై ఏళ్ళుగా ప్రపంచమంతటికీ శాసనమై కూర్చున్నది. 2019లో అమెరికాలో సగటున 72 ఏళ్ళ వయస్సు గల 16,741 మంది స్త్రీలపై జరిపిన అధ్యయనం ప్రచురితమైనది. దినానికి సుమారు 2,700 అడుగులు నడిచిన వారితో పోల్చగా, 4,400 అడుగులు నడిచిన వారిలో, సుమారు నాలుగేళ్ళ కాలంలో, మరణాలు 41 శాతం తక్కువగా కనిపించాయి. 7,500 దాటిన తరువాత అదనపు లాభం కనిపించలేదు. అయితే ఇది పరిశీలన మాత్రమే గాని ప్రయోగం కాదు. ఆరోగ్యం బాగున్నవారే ఎక్కువ నడిచి ఉండవచ్చును గదా. అయినప్పటికీ మన తల్లిదండ్రులు ఆరు నెలలకని ఇక్కడికి వచ్చి, చలికాలమంతా కిటికీ పక్కన కూర్చొని ఉన్నప్పుడు, "పదివేలు మావల్ల కాదు నాయనా" అని అసలే మానుకోవడం కన్నా, అంగళ్ళ సముదాయంలో ఒక నాలుగువేలు నడిపించడం ఎంతో మేలని దీనివలన తెలుస్తున్నది.

పచ్చని దీపం చెప్పే కథ

గడియారాన్ని చీకటిలో కొద్దిగా పైకెత్తి అడుగుభాగం చూడండి. పచ్చని కాంతి మినుకు మినుకుమంటూ ఉంటుంది. రసాయన శాస్త్రం చదివిన వారెవరికైనా ఇది చిరపరిచితమైన దృశ్యం. కళాశాలలో రంగు ద్రావణాన్ని గాజు గొట్టంలో పోసి, ఒకవైపు నుండి కాంతిని పంపి, రెండవవైపు ఎంత మిగిలిందో చూసి గాఢత కనుగొన్నాము గదా. కాంతి ప్రయాణించే దారి ఎంత పొడవైతే, ద్రావణం ఎంత గాఢమైతే, అంత ఎక్కువ కాంతి శోషణమవుతుందన్న బియర్-లాంబర్ట్ సూత్రమది. ఇక్కడ గాజు గొట్టం మన మణికట్టు. ద్రావణం మన రక్తం.

రక్తం ఎర్రగా కనిపించడానికి కారణం అందులోని హిమోగ్లోబిన్ పచ్చని కాంతిని తనలోకి తీసుకొని ఎర్రని కాంతిని విడిచిపెట్టడమే. గుండె కొట్టుకున్నప్పుడల్లా చర్మం కింది సన్నని రక్తనాళాలు ఉబ్బుతాయి. పచ్చకాంతి మరికొంత శోషణమై, తిరిగి వచ్చే వెలుగు కొద్దిగా తగ్గుతుంది. రెండు గుండె దెబ్బల నడుమ మళ్ళీ పెరుగుతుంది. ఈ హెచ్చుతగ్గులను లెక్కిస్తే నాడి వేగం తెలిసిపోతుంది. సూత్రం కొత్తది కాదు. 1930ల చివరి భాగంలోనే అమెరికాలో ఆల్రిక్ హెర్ట్జ్‌మన్ అనే శాస్త్రజ్ఞుడు ఈ పద్ధతిని వివరించాడు. కొత్తదల్లా దీపాలు, బ్యాటరీలు బొటనవ్రేలి గోరంత చిన్నవి కావడమే.

చిక్కు ఎక్కడ వస్తుందంటే, తిరిగి వచ్చే కాంతిలో గుండె వలన కలిగే మార్పు బహు స్వల్పం. ఇంచుమించు నూటికి ఒక వంతు. మిగిలినదంతా చర్మం, కండ, ఎముకల నుండి మారకుండా వచ్చేదే. మా ప్రయోగశాలలో ఎవరైనా గాజు గొట్టాన్ని ఊపుతూ శోషణం కొలిస్తే వారిని బయటికి పంపివేస్తాము. ఈ గడియారమో, పరుగెత్తుతున్న చేతి మీద అదే పని చేయవలసి ఉన్నది! పట్టీ వదులైతే బయటి వెలుతురు లోపలికి వస్తుంది. చలిలో రక్తనాళాలు ముడుచుకొని సంకేతం క్షీణిస్తుంది. పరుగెత్తేటప్పుడు నిమిషానికి 160 నుండి 180 అడుగులు పడుతూ ఉంటే, యంత్రం కొన్నిసార్లు ఆ అడుగుల లయనే గుండె లయగా పొరబడుతుంది. జాగింగ్ మొదలుపెట్టిన రెండు నిమిషాలకే నాడి 175 అని చూపించి భయపెట్టిందంటే, భయపడక ముందు మీ అడుగులను లెక్కించి చూడండి.

మన ఇళ్ళకు ప్రత్యేకమైన ఇబ్బందులు రెండు ఉన్నవి. స్త్రీలు గాజులకు దిగువన పట్టీ కట్టుకుంటే గాజులు దానిని నెట్టుతూ ఉంటాయి. గాజులకు పైన, ముంజేతి మీద బిగుతుగా కట్టుకోవడం మేలు. రెండవది, మన అమ్మమ్మలకు ముంజేతుల మీద ఉండే పచ్చబొట్లు. చర్మంలో ఇంకిన ఆ రంగు కాంతిని అడ్డగిస్తుంది. అటువంటి చోట గడియారం ఏమీ చూపకపోయినా, తప్పు చూపినా ఆశ్చర్యం లేదు.

చర్మం రంగు మాటేమిటి? మెలనిన్ అనే వర్ణద్రవ్యం కూడా కాంతిని శోషిస్తుంది. నాడి వేగం విషయంలో 2020లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో భిన్న చర్మ వర్ణాల నడుమ చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. అదే అధ్యయనంలో విశ్రాంతి కన్నా కదలికలో ఉన్నప్పుడు దోషం సగటున 30 శాతం ఎక్కువగా కనిపించింది. అంటే మన చర్మం కన్నా మన చలనమే దానికి పెద్ద శత్రువు. ప్రాణవాయువు కొలతకు వచ్చేసరికి కథ మారుతుంది.

ప్రాణవాయువు కొలతకు పచ్చని దీపం చాలదు. ఎరుపు, పరారుణ కాంతులు రెండూ కావాలి. ప్రాణవాయువును మోస్తున్న హిమోగ్లోబిన్, 660 నానోమీటర్ల ఎర్రకాంతిని తక్కువగాను, 940 నానోమీటర్ల పరారుణ కాంతిని ఎక్కువగాను శోషిస్తుంది. ప్రాణవాయువును వదిలివేసిన హిమోగ్లోబిన్ తద్విరుద్ధం. రెండింటి నిష్పత్తిని నాడితో ముడిపెట్టి రక్తం తీయకుండానే ప్రాణవాయువు శాతం చెప్పవచ్చునని జపాను ఇంజనీరు టకువో అవొయాగి 1974లో ప్రకటించాడు. కోవిడ్ రోజులలో ఇంటింటా కొనుక్కున్న వ్రేలి యంత్రం ఆయన ఆలోచనే. ఆ మహానుభావుడు సరిగా ఆ 2020 ఏప్రిల్‌లోనే కన్నుమూశాడు. అదే యేడు డిసెంబరులో ఒక ప్రముఖ అమెరికన్ వైద్య పత్రికలో వచ్చిన పరిశోధన ఒక కలవరపెట్టే సంగతి బయటపెట్టింది. వ్రేలి యంత్రం 92 నుండి 96 శాతం చూపుతున్నప్పటికీ, ధమని రక్తంలో వాస్తవంగా 88 శాతం కన్నా తక్కువ ఉన్న సందర్భాలు తెల్లవారిలో 3.6 శాతం కాగా, నల్లవారిలో 11.7 శాతం. ఆసుపత్రి యంత్రాల సంగతే ఇదైతే, చేతి గడియారాన్ని చూసి ఊపిరాడని మనిషిని ఇంట్లో ఉంచుకోరాదని వేరే చెప్పనక్కరలేదు. 2025 జనవరిలో ఎఫ్.డి.ఏ. వైద్య అవసరాలకు వాడే ఈ యంత్రాలను వివిధ చర్మ వర్ణాల వారిపై మరింత విస్తృతంగా పరీక్షించాలని ముసాయిదా సూచనలు వెలువరించింది. మన తెలుగువారిలో పచ్చని పసిమి నుండి నిగనిగలాడే నలుపు దాకా అన్ని ఛాయలూ ఉన్నవి గనుక ఈ విషయంలో మనకు స్వార్థం ఉన్నది.

కాలరీల కల్పితగాథ

ఈ యంత్రం చెప్పే సంఖ్యలన్నింటిలోను నాకు అణుమాత్రమైనా గౌరవం లేనిది ఖర్చయిన కాలరీల సంఖ్య. ఏ మనిషైనా ఎంత శక్తి వినియోగించాడో నిజంగా తెలుసుకోవాలంటే, ముఖానికి తొడుగు బిగించి, పీల్చిన ప్రాణవాయువును, విడిచిన బొగ్గుపులుసు వాయువును కొలవాలి. గడియారం అదేమీ చేయదు. నాడి వేగం, చేతి కదలిక, మీరు చెప్పిన వయస్సు, బరువు, ఎత్తు తీసుకొని ఒక సూత్రంలో వేసి ఊహిస్తుంది. నాడి వేగం కాఫీకి పెరుగుతుంది, జ్వరానికి పెరుగుతుంది, పిల్లవాడి మార్కుల చీటీ చూస్తే పెరుగుతుంది. ఇవేవీ కొవ్వును కరిగించవు.

2017లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఏడు రకాల చేతి యంత్రాలను 60 మందికి కట్టి, నడిపించి, పరుగెత్తించి, సైకిలు తొక్కించి పరీక్షించారు. ఏడింటిలో ఆరు యంత్రాలు నాడి వేగాన్ని 5 శాతం దోషంలోపే కొలిచాయి, ఇది మెచ్చుకోదగినదే. కాలరీల విషయంలో మాత్రం అన్నింటికన్నా మెరుగైనది సగటున 27 శాతం తప్పింది. అన్నింటికన్నా అధ్వాన్నమైనది 93 శాతం! మెరుగైనదానినే తీసుకుందాం. మీరు నిజంగా ఖర్చు చేసినవి 300 అనుకొండి. గడియారం 380 అనవచ్చు, 220 అనవచ్చు. 380 అన్న రోజున "ఇంత నడిచాను గదా" అని ఒక బొబ్బట్టు, దాని మీద నేయి అదనంగా వడ్డించుకుంటే, ఆ నడక వలన కలిగిన లాభం నేతిలో కరిగిపోతుంది.

నిద్ర విషయం క్లుప్తంగా చెబుతాను. నిద్ర దశలను నిర్ణయించాలంటే మెదడు తరంగాలు, కనుగుడ్ల కదలిక, కండరాల బిగువు చూడాలి. గడియారానికి తెలిసినవి చేతి కదలిక, నాడి మాత్రమే. ఎన్ని గంటలు పడుకున్నారో ఇంచుమించుగా చెబుతుంది. మెలకువగా కదలక పడుకుంటే నిద్రగా భావిస్తుంది. "గాఢనిద్ర 47 నిమిషాలు" వంటి మాటలు నమ్మి దిగులు పడనవసరం లేదు. ఆ దిగులుతోనే నిద్ర చెడగొట్టుకొన్న రోగులను చూసి, 2017లో కొందరు వైద్యులు ఆ బాధకు "ఆర్థోసోమ్నియా" అని ఒక పేరు కూడా పెట్టవలసి వచ్చింది.

లయ వేరు, పోటు వేరు

ఇప్పుడు మా దుర్యోధనుడి దగ్గరకు వద్దాము. కొన్ని గడియారాలకు వేలు ఆనించినప్పుడు అవి ఒక చేతి నుండి మరొక చేతికి గుండె గుండా ప్రవహించే విద్యుత్ సంకేతాన్ని అర నిమిషం నమోదు చేస్తాయి. 2018లో ఎఫ్.డి.ఏ. మొదటిసారిగా ఇటువంటి గడియారాన్ని అనుమతించింది. ఆసుపత్రిలో పన్నెండు కోణాల నుండి గుండెను చూస్తారు. గడియారం చూసేది ఒకే కోణం నుండి. ఆ ఒక్క కిటికీ నుండి కనిపించేది ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే లయభంగం. గుండె పై గదులు క్రమం తప్పి వణుకుతూ ఉండటం, తద్వారా రక్తం గడ్డకట్టి మెదడుకు వెళ్ళి పక్షవాతం కలిగించే ప్రమాదం ఉండటం దీని లక్షణం. ధమని మూసుకుపోయి గుండె కండరం చచ్చుబడటం, అనగా గుండెపోటు, వేరే వ్యాధి. అది జరుగుతున్నప్పుడు కూడా లయ చక్కగా ఉండవచ్చు. గడియారం తాను గుండెపోటును పసిగట్టలేనని తనతో వచ్చే పత్రాలలో స్పష్టంగానే చెబుతుంది. ఆ పత్రాలను చదివేవారెవరు?

లయభంగం విషయంలో మాత్రం ఇది పనికిమాలిన వస్తువు కాదు. 2017, 2018 సంవత్సరాలలో 4,19,297 మందిని ఆపిల్ గడియారంతో పరిశీలించిన అధ్యయనంలో 2,161 మందికి, అనగా 0.52 శాతం మందికి, "నాడి క్రమంగా లేదు" అన్న హెచ్చరిక వచ్చింది. 65 ఏళ్ళు దాటినవారిలో ఇది 3 శాతం పైచిలుకు. హెచ్చరిక అందుకొని, ఛాతీకి అంటించుకునే పరీక్షా పట్టీని కట్టుకొని తిరిగి పంపిన 450 మందిలో 34 శాతం మందికి లయభంగం రుజువైనది. ఈ వ్యాధి వచ్చి పోతూ ఉండేది కాబట్టి, మిగిలినవారికి వచ్చిన హెచ్చరికలన్నీ తప్పని అనలేము. అరవై అయిదు దాటిన తండ్రిగారికి ఇటువంటి గడియారం కొనడంలో అర్థమున్నది. ఇరవై అయిదేళ్ళ కుమారుడికి అదే ఉద్దేశంతో కొనడం, వేసవిలో గొడుగుతో పాటు మంచు పార కూడా పట్టుకు తిరగడం వంటిది.

సూది గుచ్చకుండా రక్తంలో చక్కెర చెబుతామని చవకగా అమ్మే గడియారాలు, ఉంగరాల సంగతి మాత్రం గట్టిగా చెప్పవలసి ఉన్నది. చర్మం గుచ్చకుండా తమంత తాముగా చక్కెర కొలిచే గడియారాన్ని గాని, ఉంగరాన్ని గాని తాము అనుమతించలేదని 2024 ఫిబ్రవరిలో ఎఫ్.డి.ఏ. హెచ్చరించింది. హిమోగ్లోబిన్ వలె గ్లూకోజుకు రంగు లేదు. దాని పరారుణ జాడను నీటి జాడ కప్పివేస్తుంది. కాంతితో దానిని పట్టుకోవాలని రసాయన శాస్త్రజ్ఞులు దశాబ్దాలుగా పాటుపడుతున్నారు. మధుమేహమున్న అమ్మగారు ముప్ఫై డాలర్ల గడియారం అంకెను నమ్మి ఇన్సులిన్ మోతాదు మార్చుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. చర్మం కింద సన్నని తీగ ఉంచి కొలిచే వైద్య పరికరాలు వేరు; వాటిని వీటితో కలపరాదు.

కట్టుకుంటే ఆరోగ్యం పెరుగుతుందా?

కొలత సరిగా ఉండటం ఒక ఎత్తు, కొలిచినందువల్ల మనిషి మారడం మరొక ఎత్తు. పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో 18 నుండి 35 ఏళ్ళ లోపు 471 మందిని రెండేళ్ళపాటు పరిశీలించి ఫలితాలు 2016లో ప్రకటించారు. అందరికీ ఆహారం, వ్యాయామం గురించి సలహాలిచ్చారు. సగం మందికి అదనంగా శరీరానికి కట్టుకునే యంత్రమిచ్చారు. యంత్రం లేనివారు సగటున 5.9 కిలోలు తగ్గగా, యంత్రమున్నవారు 3.5 కిలోలే తగ్గారు! అదే యేడు సింగపూరులో 800 మంది ఉద్యోగులపై ఏడాదిపాటు జరిగిన ప్రయోగంలోనూ బరువులో, రక్తపోటులో మెరుగు కనిపించలేదు. నగదు బహుమతులిచ్చినంత కాలం ఎక్కువ నడిచినవారు, అవి ఆగిపోగానే వెనుకకు తగ్గారు.

అయితే అన్ని అధ్యయనాలనూ కలిపి చూస్తే చిత్రం అంత నిరాశాజనకం కాదు. 2022లో ఒక పరిశోధక బృందం, మొత్తం సుమారు 1,64,000 మందికి సంబంధించిన సమీక్షలను క్రోడీకరించి, ఇటువంటి యంత్రాలు ధరించినవారు దినానికి సుమారు 1,800 అడుగులు అదనంగా నడిచారని, బరువు సగటున ఒక కిలో తగ్గిందని తేల్చింది. 1,800 అడుగులంటే పదిహేను, ఇరవై నిమిషాల నడక. రోజంతా కంప్యూటరు ముందు కూర్చొని, కారులో ఇంటికి చేరి, భోజనం చేసి టీవీ ముందు కూర్చునే మనబోటివారికి అది తక్కువ లాభమేమీ కాదు.

ఈ సందర్భంలో మన జాతి శరీర తత్త్వం గురించి నాలుగు మాటలు చెప్పక తప్పదు. దక్షిణాసియా సంతతి అన్నదే గుండెజబ్బు ప్రమాదాన్ని పెంచే అంశాలలో ఒకటని 2018 నాటి అమెరికా కొలెస్టరాల్ మార్గదర్శకాలు పేర్కొన్నాయి. బరువు సూచికలో 25 దాటితే అధిక బరువని ఇతరులకు చెబుతుండగా, ఆసియా సంతతివారిని 23 దాటగానే మధుమేహానికి పరీక్షించాలని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 2015 నుండి చెబుతున్నది. మనవారికి నడుము చుట్టుకొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటడం హెచ్చరిక. దీనిని కొలవడానికి దర్జీ టేపు చాలు. నలభై దాటిన ఇంట్లో మూడు వందల డాలర్ల గడియారం కన్నా ముందు కొనవలసినది, దండచేతికి చుట్టి రక్తపోటు కొలిచే యంత్రం; దాని ధర యాభై డాలర్ల ప్రాంతం. 2025 సెప్టెంబరులో ఒక గడియారానికి, అధిక రక్తపోటు ఉండవచ్చునని హెచ్చరించే సదుపాయాన్ని ఎఫ్.డి.ఏ. అనుమతించింది. అది కూడా అంకె చెప్పదు. వెళ్ళి కొలిపించుకోమని మాత్రమే చెబుతుంది. మా మిత్రుడు నాలుగేళ్ళుగా గడియారం మార్చుకుంటూ వచ్చాడు గాని, ఆ నాలుగేళ్ళలో ఒక్కసారైనా కొలెస్టరాల్ పరీక్ష చేయించుకోలేదు. అది నాకు ఆసుపత్రిలో ఆయన సతీమణి కళ్ళనీళ్ళతో చెప్పిన మాట.

పట్టీ గురించి

రసాయన శాస్త్రజ్ఞుడనై ఉండి పట్టీ సంగతి చెప్పకపోతే నా పట్టా వాపసు తీసుకుంటారు. 2014లో ఫిట్‌బిట్ సంస్థ తన ఫోర్స్ అనే నమూనాను, చర్మంపై దద్దుర్లు వస్తున్నాయన్న ఫిర్యాదులతో మార్కెట్టు నుండి ఉపసంహరించుకున్నది. ఉక్కులోని నికెలు, జిగురులోని మెథాక్రిలేట్లు అందుకు కారణాలుగా చెప్పబడినవి. గిల్టు నగలు పడనివారు, అనగా నికెలు సరిపడనివారు, కొనేముందు గడియారం వెనుక లోహమేమిటో చదువుకోవాలి. 2024 డిసెంబరులో నోటర్‌డామ్ విశ్వవిద్యాలయ రసాయనవేత్తలు 22 పట్టీలను పరీక్షించగా, 15 పట్టీలలో ఫ్లోరిన్ అధికంగా కనిపించింది. కొన్నింటి నుండి పెర్‌ఫ్లోరోహెక్సనోయిక్ ఆమ్లం బయటికి వచ్చింది. ప్రకృతిలో తేలికగా విచ్ఛిన్నం కాని రసాయనాల కుటుంబానికి చెందినదిది. దీని మోతాదు మధ్యస్థంగా నూరు కోట్లకు 800 వంతులు. ఒక పట్టీలో 16,000 దాటింది. తమాషా ఏమంటే, ముప్ఫై డాలర్లకు మించి ఖరీదు చేసే పట్టీలలోనే ఫ్లోరిన్ ఎక్కువ. చెమటకు, నూనెకు మాసిపోకుండా నిగనిగలాడటానికి వాడే ఫ్లోరో ఎలాస్టోమర్ అనే రబ్బరు దీనికి కారణం. ఆ మాట పెట్టె మీద కనిపిస్తే విడిచిపెట్టి, చవకైన సిలికోన్ పట్టీనో, బట్ట పట్టీనో కొనుక్కోవడం మంచిది.

మీ అంకెలు మీ దగ్గరే ఉంటాయనుకోవద్దు. వైద్యుడి దగ్గరున్న మీ చీటీలకు అమెరికా చట్టం కల్పించే గోప్యత, మీ అంతట మీరు కొన్న గడియారం సంస్థకు పంపే అంకెలకు సాధారణంగా వర్తించదు. 2018 జనవరిలో, వ్యాయామ పటం ఒకటి వెలిగించి చూపిన పరుగు దారుల వలన ఎడారులలోని సైనిక స్థావరాల ఆనవాళ్ళు లోకానికి తెలిసిపోయాయి. మన ఉదయపు నడకలో సైనిక రహస్యాలేవీ ఉండవు గాని, ఇల్లు ఎప్పుడు ఖాళీగా ఉంటుందో ఉంటుంది. సెట్టింగులలో ఆ తలుపు మూయడానికి అయిదు నిమిషాలు చాలు.

ఇక నన్ను అడిగినవారికి నేను చెప్పినది. వదినగారితో అన్నాను: "మీ వారి జేబులోని ఫోను ఇప్పటికే అడుగులు లెక్కిస్తున్నది. ఒక నెల ఆ లెక్క చూసుకోమనండి. అంకె చూసి ఇంకో వీధి చుట్టివచ్చే స్వభావం ఆయనకుంటే అప్పుడు వంద డాలర్ల లోపు పట్టీ ఒకటి కొనండి. నెలనెలా చందా కట్టవలసినది వద్దు. అంకె చూసి నవ్వి ఊరుకునే మనిషైతే ఆ డబ్బుతో మంచి నడక బూట్లు కొనండి." అక్కగారితో అన్నాను: "నాన్నగారికి డెబ్బై రెండేళ్ళు. లయ చూసే గడియారం పంపవచ్చును, హెచ్చరిక వస్తే వెళ్ళడానికి తెనాలిలో ఒక గుండె వైద్యుణ్ణి ముందే చూసిపెట్టుకుంటేనే. రోజూ దానికి చార్జింగు పెట్టేదెవరో కూడా ఆలోచించు." అక్కగారు రక్తపోటు యంత్రం పంపించింది.

మా మిత్రుడు కోలుకున్నాడు. వారానికి మూడుసార్లు ఆసుపత్రి వ్యాయామశాలకు వెళుతున్నాడు. 220 నుండి వయస్సు తీసివేస్తే గరిష్ఠ నాడి వేగం వస్తుందన్న లెక్క, మనిషి మనిషికీ పది, పన్నెండు దెబ్బల తేడాతో తప్పుతూ ఉంటుంది. పైగా ఆయన వాడే మందు నాడిని నెమ్మదింపజేస్తుంది. కనుక గడియారం తనంతట తాను లెక్కగట్టిన హద్దును తీసివేయించి, వైద్యురాలు పరీక్ష చేసి చెప్పిన 118ని అందులో పెట్టించారు. అది దాటితే గడియారం చేతిని చిన్నగా తట్టుతుంది, ఆయన నడక తగ్గిస్తాడు. ఆ పనికి అది చక్కగా సరిపోయిందని ఆయనే చెప్పాడు. పట్టీ మాత్రం నా మాట విని బట్టది వేసుకున్నాడు. ఈ ఉగాదికి గద మళ్ళీ ఆయనదే, తొడగొట్టే ఘట్టం కొంత తగ్గించి.